ఊరు మారింది, ఖాతా మారలేదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 2022 ఆగస్టు మధ్యలో హెచ్‌-1బీ వీసా మీద డల్లాస్ వచ్చాను. మరుసటి జనవరిలో నా భార్య, బాబు వచ్చారు. హైదరాబాద్‌లోని పాత జీతం ఖాతా అలాగే ఉంది. అందులో సుమారు 3 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు 12 లక్షలు, 2015-16లో తెరిచిన పీపీఎఫ్‌లో 9 లక్షలు, మూడు ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు, కొన్ని కంపెనీల షేర్లు 4 లక్షలు, ఒక ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. ఆ ఫండ్లలో నెలనెలా వాయిదాగా పెట్టే సిప్‌లు ఏడేళ్లకు పైగా నడుస్తున్నాయి. మియాపూర్ ఫ్లాట్ అద్దె కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. ఏటీఎం కార్డు, ఓటీపీలు వచ్చే సిమ్ మా నాన్నగారి దగ్గర ఉన్నాయి. ఇక్కడి రిటర్నుల్లో జీతం తప్ప ఏమీ చూపలేదు. ఇండియా డబ్బు ఇండియాలోనే ఉంటే ఇక్కడ చెప్పనవసరం లేదని ఒక మిత్రుడు, వెంటనే అన్నీ అమ్మేసి ఖాతాలు మూసెయ్యమని ఇంకో మిత్రుడు అంటున్నారు. ఇక్కడే ఇల్లు కొనుక్కుందామని మా ఆలోచన. నాన్నగారేమో ఊళ్లో నా పేర రెండెకరాలు కొందామంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ మిత్రుల్లో మొదటివారి మాట పూర్తిగా తప్పు, రెండోవారి మాట తొందరపాటు. ఏ ఖాతా మూయాలి, ఏది ఉంచాలి అని మీరు అడిగారు గానీ, దానికంటే ముందు తేలవలసిన సంగతి ఒకటుంది. మీ ఖాతాలన్నీ మీరు ఇంకా మియాపూర్‌లోనే ఉంటున్నట్టుగా ఇండియాలో నడుస్తున్నాయి; అమెరికా పన్ను శాఖ లెక్కలోనేమో అవి లేనే లేవు. ఈ రెండు తప్పులూ సరిదిద్దిన తర్వాతే అమ్మకాల గురించి ఆలోచించాలి. ఈలోగా ఈ రోజే చేయవలసిన పని ఒక్కటే, మూడు సిప్‌లనూ ఆపించడం. అమ్మవద్దు, ఆపండి. కారణం కింద వివరంగా చెబుతాను.

ముందు ఇండియా సంగతి. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా ప్రకారం ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లిన వ్యక్తి బయలుదేరిన నాటి నుంచే ప్రవాసి అవుతాడు. ఏడాది గడవాలనీ, గ్రీన్ కార్డు రావాలనీ ఎక్కడా లేదు. ఆదాయపు పన్ను చట్టం రోజుల లెక్క వేరే చూస్తుంది గానీ, 2022 ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య వరకు మీరు ఇండియాలో ఉన్నది 140 రోజుల లోపే కనుక, ఉద్యోగం కోసం వెళ్లిన పౌరులకు వర్తించే 182 రోజుల గీత దాటలేదు. ఆ లెక్కన 2022-23 నుంచే మీరు పన్ను చట్టం కింద కూడా ప్రవాసి. మామూలు పొదుపు ఖాతాను అలాగే కొనసాగించడం ఫెమా ఉల్లంఘనే. చట్టంలో దీనికి జరిమానా పెద్దదే, విలువ లెక్కకట్టగలిగితే దానికి మూడు రెట్ల వరకు. అయితే తనంతట తాను వచ్చి స్థితి మార్చుకునే ఖాతాదారును బ్యాంకులు సాధారణంగా కాగితాలు తీసుకుని ఎన్‌ఆర్‌ఓ, అంటే ప్రవాసుల ఇండియా ఆదాయం పడే ఖాతాలోకి మారుస్తాయి. కనుక ఆ జరిమానాకు భయపడి ఇంకా ఆలస్యం చేయడంలో అర్థం లేదు. పనిలో పనిగా ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్‌కు ఉన్న నివాస స్థితిని కూడా మార్చుకోండి. 2023 జులైలో ఆధార్ అనుసంధానం లేదన్న కారణంతో ఎందరో ప్రవాసుల పాన్‌లు పనిచేయకుండా పోయింది, వారి స్థితి శాఖ రికార్డుల్లో నివాసిగానే ఉండిపోయినందుకే.

ఇక అమెరికా సంగతి. 2022లో మీరు అక్కడ ఉన్నది సుమారు 140 రోజులు. మూడేళ్ల రోజులను కలిపి చూసే 183 రోజుల పరీక్ష ఆ ఏడాదికి మీకు వర్తించలేదు. కనుక ఆ ఏడాది రిటర్నులో ప్రత్యేకంగా ఏ ఎంపికా చేసుకోకపోతే, మీ బాధ్యత 2023 జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఆ నాటి నుంచి ప్రపంచంలో ఏ మూల వచ్చిన ఆదాయమైనా, డిపాజిట్ వడ్డీ అయినా మియాపూర్ అద్దె అయినా, అమెరికా రిటర్నులో చూపవలసిందే. అది కాక ఎఫ్‌బార్ అనే విడి నివేదిక ఉంది. విదేశాల్లోని మీ ఖాతాలన్నిటి మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ప్రతి ఖాతాలో ఆ ఏడాది ఉన్న గరిష్ఠ నిల్వను ఆన్‌లైన్‌లో తెలపాలి. గడువు ఏప్రిల్ 15. అడగకుండానే అక్టోబర్ 15 వరకు పొడిగింపు ఉంటుంది. పన్ను లేని ఖాతా కదా అని దేన్నీ వదిలిపెట్టకూడదు. పొదుపు ఖాతా, డిపాజిట్లు, పీపీఎఫ్, షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా, ఫండ్లు, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీ, నాన్నగారితో జాయింట్‌గా ఉన్న ఖాతా, అన్నీ అందులోకి వస్తాయి. ఫ్లాట్ మాత్రం రాదు. మీరు రాసిన అంకెలు కూడితే పాలసీ కాక 42 లక్షలు, అంటే 10,000 డాలర్లకు ఎన్నో రెట్లు. రిటర్నుతో పాటు జతచేసే ఫారం 8938 అనే మరో నివేదిక ఉంది గానీ, అమెరికాలో ఉంటూ దంపతులుగా కలిసి రిటర్ను వేసేవారికి దాని హద్దు సంవత్సరాంతానికి లక్ష డాలర్లు, మధ్యలో ఎప్పుడైనా లక్షా యాభై వేలు. ప్రస్తుతానికి మీరు ఆ హద్దులోపే ఉన్నారు.

మరి గడిచిన ఏళ్ల మాటేమిటి? మీకు ఎఫ్‌బార్ మాత్రమే బకాయి ఉండి, ఆదాయమంతా చూపి ఉంటే ఆలస్యంగానైనా వివరణతో వేసి ఊరుకోవచ్చు. మీ విషయంలో వడ్డీ, అద్దె కూడా చూపలేదు. ఉద్దేశపూర్వకంగా దాచనివారి కోసం అమెరికా పన్ను శాఖ స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతి ఒకటి నడుపుతోంది. సవరించిన రిటర్నులు, బకాయి ఎఫ్‌బార్‌లు, తెలియక జరిగిందని సంతకం చేసిన వాంగ్మూలం ఇచ్చి, బకాయి పన్ను, వడ్డీతో పాటు, అమెరికాలో ఉంటున్నవారు ఆ ఆస్తుల సంవత్సరాంతపు గరిష్ఠ మొత్తంపై 5 శాతం చెల్లిస్తే సరిపోతుంది. 42 లక్షలనే ఆధారంగా తీసుకుంటే అది 2 లక్షల 10 వేల రూపాయలు. ఊరికే పోయే డబ్బులా అనిపిస్తుంది, నిజమే. రెండోవైపు ఏముందో కూడా చూడండి. తెలియక వదిలేసిన ఎఫ్‌బార్‌కు కూడా నివేదికకు 10,000 డాలర్ల వరకు, ధరల పెరుగుదలను బట్టి పెంచిన మొత్తం వరకు జరిమానా వేసే అధికారం శాఖకు ఉంది. అది ఖాతాకు ఇంత కాదు, నివేదికకు ఇంత అని 2023లో బిట్‌నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చడం ఒక్కటే కాస్త ఊరట. చప్పుడు చేయకుండా సవరించిన రిటర్నులు పంపేసి ఊరుకుందామని చాలామంది అనుకుంటారు. శాఖ దాన్ని మెచ్చదు, నేనూ సలహా ఇవ్వను. ఈ ఒక్క పనికి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోకండి. ఇండియా ఖాతాలు తెలిసిన సీపీఏనో (అమెరికా లైసెన్సున్న అకౌంటెంట్), ఎన్‌రోల్డ్ ఏజెంట్‌నో (అక్కడి పన్ను శాఖ గుర్తించిన పన్ను నిపుణుడు) పెట్టుకోండి. ఇంకో మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఇంతవరకు మీకు తెలియదన్నది నిజం. ఈ సమాధానం చదివాక ఆ మాట నిజం కాదు. ఇక ఆలస్యమైన ప్రతి నెలా మీ వాంగ్మూలాన్ని బలహీనపరుస్తుంది.

ఈ రెండు దేశాల పనులూ పక్కపక్కనే నడపాలి. బ్యాంకులో స్థితి మార్చేటప్పుడు మీ డల్లాస్ చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇస్తారు. ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఫాట్కా ఒప్పందం 2015లోనే ఇండియా, అమెరికాల మధ్య అమలులోకి వచ్చింది కనుక ఆ వివరాలు మన పన్ను శాఖ ద్వారా అమెరికాకు చేరతాయి. అక్కడి శాఖ మీ మీద పరిశీలన మొదలుపెట్టాక స్ట్రీమ్‌లైన్డ్ తలుపు మూసుకుంటుంది. బ్యాంకు కాగితాలు తెమిలేలోగా సీపీఏ పని మొదలై ఉండాలి.

ఇప్పుడు మ్యూచువల్ ఫండ్లు. మీ ఉత్తరంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది, సిప్‌లు ఆపమన్నది ఇందుకే. ఇండియాలో ఎంత మంచి ఫండ్ అయినా, అమెరికా చట్టం దాన్ని పీఎఫ్‌ఐసీ అనే వర్గంలో, అంటే నిష్క్రియ ఆదాయం మీద నడిచే విదేశీ సంస్థగా చూస్తుంది. మామూలు పద్ధతిలో దాన్ని అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని మీరు ఉంచుకున్న రోజులన్నిటి మీదా పరిచి, అమెరికా నివాసిగా ఉన్న గత సంవత్సరాల వంతుకు ఆయా ఏడాది ఉన్న అత్యధిక రేటుతో, ఇప్పుడది 37 శాతం, పన్ను కట్టి, ఆపైన ఆలస్యానికి వడ్డీ వేస్తుంది. దీర్ఘకాలిక లాభానికి ఇచ్చే తక్కువ రేటు దీనికి లేదు. మీరు అమెరికాలో దిగిన నాటి విలువను కొత్త కొనుగోలు ధరగా ఈ పద్ధతి ఒప్పుకోదు. హైదరాబాద్‌లో ఉండగా పెరిగిన లాభం కూడా లెక్కలోకి వస్తుంది. పైగా సిప్‌లో ప్రతి నెల వాయిదా విడి కొనుగోలే. మూడు ఫండ్లు, ఏడేళ్లు అంటే 252 కొనుగోళ్లు, ఒక్కోదానికి ఒక్కో లెక్క. సీపీఏ ఫీజు ఫండ్ లాభాన్ని మించిపోయే అవకాశం ఇలాంటి చోటే ఉంటుంది.

మీకు అనుకూలమైన అంశం కూడా ఒకటుంది. సంవత్సరాంతంలో పీఎఫ్‌ఐసీల మొత్తం విలువ ఒక్కరికి 25,000 డాలర్లు, కలిసి రిటర్ను వేసే దంపతులకు 50,000 డాలర్లు మించకుండా, ఆ ఏడాది అమ్మకం గానీ హద్దు మించిన పంపిణీ గానీ లేకపోతే, పీఎఫ్‌ఐసీల వివరాలు తెలిపే ఫారం 8621 ఏటేటా వేయనవసరం లేదు. మీ 14 లక్షలు ఆ హద్దుకు చాలా దిగువన ఉన్నాయి. మీవి లాభాన్ని పంచకుండా ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ పద్ధతి ఫండ్లయితే పంపిణీ సమస్య కూడా రాదు. కనుక గడిచిన ఏళ్లలో మీరు ఏ ఫండూ అమ్మి ఉండకపోతే ఈ ఒక్క విషయంలో బకాయి పడలేదనే అనుకోవచ్చు. స్టేట్‌మెంట్లు తెప్పించి ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కు స్విచ్ చేయలేదని రూఢి చేసుకోండి. స్విచ్ కూడా అమ్మకమే.

మరి అమ్మాలా, ఉంచాలా? ఇది మీరు తిరిగి వచ్చే ఆలోచనను బట్టి ఉంటుంది. ఏడాది రెండేళ్లలో ఖమ్మం తిరిగి వచ్చేవారైతే ఫండ్లను ముట్టుకోకుండా ఉంచి, అమెరికా నివాస స్థితి ముగిశాక అమ్ముకొమ్మని చెప్పేవాణ్ణి. అప్పుడు ఆ లాభం మీద అమెరికాకు హక్కు ఉండదు. మీరు డల్లాస్‌లో ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నారు. అలాంటప్పుడు ఎంత ఆగితే వడ్డీ అంత పెరుగుతుంది. స్ట్రీమ్‌లైన్డ్ పని ముగిసి, కేవైసీ ప్రవాసిగా మారిన తర్వాత, అన్నిటినీ ఒకే క్యాలెండర్ సంవత్సరంలో అమ్మి ఒకే రిటర్నులో లెక్క తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం. ఇండియాలో ఏడాదికి పైగా ఉంచిన ఈక్విటీ ఫండ్ లాభం మీద, ఏటా మొదటి లక్షా పాతిక వేలు పోగా, 12.5 శాతం పన్ను పడుతుంది. ఫండ్ సంస్థ దీన్ని టీడీఎస్‌గా ముందే పట్టుకుంటుంది. ఆ పన్నుకు అమెరికాలో ఎంత క్రెడిట్ దక్కుతుందో అమ్మకానికి ముందే సీపీఏ చేత లెక్క వేయించుకోండి. ఇకమీదట ఇండియా కంపెనీల్లో పెట్టుబడి కావాలనిపిస్తే, అమెరికాలోనే నమోదై ఇండియా షేర్లు కొనే ఈటీఎఫ్‌లు, అంటే షేర్ల మాదిరిగా ఎక్స్ఛేంజీలో కొనే ఫండ్లు ఉన్నాయి. వాటికి ఈ పీఎఫ్‌ఐసీ తంటా లేదు.

నేరుగా కొన్న షేర్ల కథ వేరు. వస్తువులో సేవలో అమ్ముకుని బతికే మామూలు కంపెనీ షేరు సాధారణంగా పీఎఫ్‌ఐసీ కాదు కనుక మీ 4 లక్షల షేర్లు ఉంచుకోవచ్చు. డివిడెండ్ రెండు చోట్లా చూపితే చాలు. అయితే నివాసి డీమ్యాట్ చెల్లదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతాతో ముడిపడిన ప్రవాసి డీమ్యాట్ తెరిచి అందులోకి బదిలీ చేయించాలి.

బ్యాంకు ఖాతాల దగ్గర తెలుగువారిలో బలంగా నాటుకుపోయిన ఒక అపోహ ఉంది. ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదంటారు. అది ఇండియా వరకే. అమెరికా ఆ వడ్డీ మీద పూర్తి పన్ను వేస్తుంది. అయినా రెండు ఖాతాలూ అవసరమే. పాత ఖాతా ఎన్‌ఆర్‌ఓగా మారి, అద్దె, డివిడెండ్, ఫండ్ అమ్మకాల డబ్బు అందులో పడాలి. డల్లాస్ జీతం నుంచి పంపే డబ్బు విడిగా తెరిచిన ఎన్‌ఆర్‌ఈలోకే వెళ్లాలి. ఎన్‌ఆర్‌ఈ డబ్బు ఎప్పుడు కావాలన్నా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ నుంచి తేవాలంటే ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల పరిమితితో పాటు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రాల పని కూడా ఉంటుంది. రెండిటినీ కలిపేస్తే మీ స్వేచ్ఛను మీరే తగ్గించుకున్నట్టు.

ఎన్‌ఆర్‌ఓగా మారిన వెంటనే డిపాజిట్ వడ్డీలో 31.2 శాతం టీడీఎస్ పోతున్నట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం వడ్డీ మీద ఇండియా పన్ను 15 శాతమే. అందుకు అమెరికా పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఫారం 6166, బ్యాంకుకు చూపి, మన పోర్టల్‌లో స్వీయ ప్రకటన దాఖలు చేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో మన ఫారాల నంబర్లు మారుతున్నందున ఇక్కడ నంబరు రాయడం లేదు. ఇండియాలో 12 లక్షల వరకు పన్ను లేదు కదా అని మీ మిత్రులు అనవచ్చు. ఆ రిబేటు నివాసులకు మాత్రమే. ప్రవాసికి కొత్త పద్ధతిలో మినహాయింపు 4 లక్షలే. పాత రిటర్నుల్లో నివాసి అని రాసి ఉంటే వాటిని కూడా మీ చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపండి.

అద్దె విషయంలో చిన్న ఇబ్బంది మీ అద్దెదారుకు కూడా ఉంది. యజమాని ప్రవాసి అయితే అద్దెదారు ఎంత చిన్న మొత్తమైనా టీడీఎస్ మినహాయించి కట్టాలి. ఈ సంగతి హైదరాబాద్‌లో చాలామంది అద్దెదారులకు తెలియదు, చెప్పే యజమానులూ తక్కువ. ముందే చెప్పి, వీలైతే తక్కువ మినహాయింపు ధ్రువపత్రం తెచ్చి ఇవ్వండి. అమెరికా రిటర్నులో అద్దె చూపినప్పుడు ఆస్తిపన్ను, మెయింటెనెన్స్‌తో పాటు ఫ్లాట్ నిర్మాణ విలువను 30 ఏళ్ల మీద తరుగుదలగా తీసుకోవచ్చు కనుక అక్కడ కట్టవలసింది మీరు భయపడినంత ఉండదు.

పీపీఎఫ్ ఉంచండి. ప్రవాసి కొత్తగా తెరవలేడు గానీ, పాత ఖాతాను గడువు వరకు నడపవచ్చు. మీది 2031 మార్చితో ముగుస్తుంది, ఆపైన పొడిగింపు లేదు. ఏటా కనీసం 500 వేస్తే చాలు. దాని వడ్డీని ఏటేటా అమెరికాలో చూపడమే క్షేమం. ఎల్‌ఐసీ కొనసాగించవచ్చు, చిరునామా మార్చండి. మీరు రాయలేదు గానీ పాత ఉద్యోగం పీఎఫ్ ఉండి ఉంటుంది. ఉద్యోగం మానాక వచ్చిన వడ్డీకి ఇండియాలో కూడా పన్ను ఉంది కాబట్టి దాన్ని తీసుకోవడమే నయం.

నాన్నగారి చేతిలో ఉన్న కార్డు, సిమ్ సంగతి సున్నితమైనది. తండ్రీకొడుకుల మధ్య నమ్మకాన్ని నేను ప్రశ్నించడం లేదు. కానీ పిన్ను పంచుకున్న ఖాతాలో రేపు మోసం జరిగితే బ్యాంకు మీ ఫిర్యాదును పట్టించుకోదు. ఆయన పేరును ఎన్‌ఆర్‌ఓలో మాండేట్ హోల్డర్‌గా, అంటే మీ తరఫున ఖాతా నడిపే వ్యక్తిగా పెట్టిస్తే ఆయనకు సొంత హక్కుతో కార్డు, చెక్కులు వస్తాయి. మరింత విస్తృతమైన అధికారం కావాలంటే పవర్ ఆఫ్ అటార్నీ రాసి టెక్సాస్‌లో నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించి పంపండి; అది ఇండియా చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. సిమ్ మాత్రం మీ దగ్గరకు తెప్పించుకుని రోమింగ్ రీఛార్జి గడువు దాటకుండా చూసుకోండి. ఎన్‌ఆర్‌ఓ అయ్యాక కొన్ని బ్యాంకుల్లో అమెరికా నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు కూడా ఉంది. స్థితి మార్పు కాగితాల మీద అటెస్టేషన్ అడిగితే మీకు దగ్గరలోని భారత కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది. సంక్రాంతికి ఎలాగూ వచ్చేట్టుంటే బ్యాంకు శాఖలో ఒక పూట కూర్చుంటే అది తప్పుతుంది, కానీ దాని కోసం నెలల తరబడి ఆగవద్దు.

చివరిగా రెండెకరాలు. ప్రవాసి వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మీ పేర రిజిస్ట్రేషన్ జరిగితే నాన్నగారి ముచ్చట తీరుతుంది గానీ ఫెమా తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. మీరు ఎన్‌ఆర్‌ఈ నుంచి ఆయనకు డబ్బు బహుమతిగా ఇచ్చి, ఆయన తన పేర కొనుక్కోవచ్చు; కొడుకు ఇచ్చిన బహుమతికి ఇండియాలో ఆయనకు పన్ను లేదు, మీకు మాత్రం పెద్ద మొత్తమైతే అమెరికాలో గిఫ్ట్ రిటర్ను వేయవలసి రావచ్చు. అలా కొన్న భూమి నిజంగా ఆయనదే కావాలి. పేరు ఆయనది, హక్కు నాది అని లోపల ఒప్పందం రాసుకుంటే అది బినామీ అవుతుంది. నాన్నగారికి ఈ మాట ఫోన్‌లో కాక, ఈసారి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి.